గుమస్తాగారి ఆయాసం

"నాలిక సూపు బాబూ," అన్నాడు సోంబరు.

గణపతిరావు నాలుక బయటపెట్టాడు. ముంచింగిపుట్టు సంతకు ఎగువన, పెంకుల విడిదింటి అరుగు మీద ఒక కుర్చీ, ఆ కుర్చీ నిండా ఆయన. ఆరు మెట్లు ఎక్కివచ్చినందుకే కోటు గుండీలు విప్పుకుని కొలిమి తిత్తిలా ఎగపోస్తున్నాడు.

"ఏటి తింటన్నావు?"

"అందరూ తినేదే. పొద్దున్న పెరుగన్నం. మధ్యాహ్నం పప్పూ నెయ్యీ వేపుడూ. సాయంత్రం గారెలో, బూరెలో. రాత్రి మళ్లీ అన్నం. మజ్జిగ మాత్రం పల్చనే."

"నడకో?"

"బండి ఉండగా నడక దేనికిరా?"

సోంబరు దిసారి. మూలికలు, ముహూర్తాలు, ఎవరికి ఏ దేవత పట్టిందో చెప్పడం అతని పని. ఈ గుండె ఏడాది మించి ఆడదని పట్నం డాక్టరు తేల్చేశాక, గణపతిరావు సిగ్గు విడిచి అతని కోసం కబురు పంపాడు.

ఈ మనిషి బతకడం సోంబరుకూ అవసరమే. మన్నెంలో పితూరీ తిరుగుబాటు అణిగిన దగ్గర్నుంచి దొరలకు రోడ్ల పిచ్చి పట్టింది. ఘాటురోడ్డుకు రాళ్లు కొట్టడానికి ఊళ్లకు ఊళ్లనే తోలుకుపోతున్నారు. పోయినవాళ్లలో సగం మంది జ్వరాలకు అక్కడే మట్టిలో కలిశారు. ఊరూరా తిరిగి గడపగడపకూ పేర్లు రాసేది ఈ గుమస్తాయే. మూడేళ్లయినా సోంబరు ఊరు నుంచి ఆయన ఒక్క పేరు రాయలేదు. కొండకొనన ఇరవై గడపల ఊరు అది. కిందివాళ్లు పైఊరు అంటారు. సంతలో ఎవరైనా "మాది పైఊరు బాబూ" అంటే చాలు, ఆయన కొండ వంక చూసి, నిట్టూర్చి, పొమ్మని చెయ్యి విసిరేవాడు.

దయగల మనిషి అని పైఊరంతా చెప్పుకునేది.

"బతుకుతానంటావా?" అడిగాడు గణపతిరావు. అధికారం పోయి, గొంతులో మనిషి మాత్రమే మిగిలాడు.

"బతుకుతావు. వరన్నం మానీయాల. సోడంబలి తాగాల."

"రాగి అంబలా? గేదెలకు పోసే కుడితిలా ఉంటుంది. ఎలా తాగనురా?"

"ఆకలేత్తే అదే దిగుతాది. ఇంక మందంటావా, వేరు నీ సేత్తో నువ్వే తవ్వుకోవాల. ఒకరు తెచ్చిత్తే పనిసెయ్యదు."

అది అబద్ధం. ఆ వేరు విడిదింటి వెనకే దొరుకుతుంది, దానితో తగ్గేది కడుపునొప్పి ఒక్కటే. కానీ నడవమంటే నడిచే మనిషి కాదు గణపతిరావు. మందంటే మాత్రం పాకుతూనైనా పోతాడు.

మొదటి సంతనాడు వాగు ఒడ్డున తవ్వించాడు. తర్వాతి సంతకు వాగు దాటించాడు. ఆ పై సంతకు కొండ మొదట్లోకి తీసుకుపోయాడు. "కిందదాన్లో పసరు సచ్చిపోనాది బాబూ. పైన ఉన్నదే బలం," అనేవాడు. గణపతిరావు బూతులు తిడుతూ ఎక్కేవాడు, అంబలి తాగి మళ్లీ తిట్టేవాడు.

ఇంటికొస్తే పెళ్లాం చిన్నమ్మి వేళాకోళం సిద్ధంగా ఉండేది.

"నీ గుమస్తా ఇయ్యాల ఏడదాకా వచ్చినాడు?"

"రెండో మలుపు దాకా."

"నా మేకపిల్ల నయం. పుట్టిన మూడోనాడే వచ్చీసింది."

పైఊళ్లో నిండుచూలాలు కూడా నెత్తిన కుండతో ఆ కొండను రోజుకు రెండుసార్లు దిగి ఎక్కుతుంది. అందుకే చిన్నమ్మికి ఇదంతా నాటకంలా కనిపించేది. "పోతే పోనీయ్ ఆ మనిసి. నీకేటి?" అంది ఒకరోజు.

"ఈయన పోతే ఇంకోడొత్తాడు. ఆడికి దయుంటాదని నువ్వు పూచీ పడతావా?"

చిన్నమ్మి చేటలోని సామలు చెరగడం ఆపి, వాకిట్లో గొడ్డలి నూరుకుంటున్న కొడుకులిద్దరి వైపు చూసింది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. మర్నాటి నుంచి గుమస్తాకు అంబలి తనే కాచి పంపింది.

వానలు వెనకపట్టాయి. చోళ్లు కోతకొచ్చేసరికి గణపతిరావు కోటులో ఇంకో మనిషి పట్టేంత చోటు ఏర్పడింది. కాళ్ల వాపు తీసింది. ఇప్పుడు వేరు కోసం ఆయనే తొందరపడుతున్నాడు.

"ఈసారి పైదాకా పోదామా?" అన్నాడొకనాడు.

సోంబరు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంత ఒళ్లున్న మనిషిని ఇంతదాకా తెచ్చిన దిసారి ఆ మన్నెంలో లేడు. ఎక్కే ముందురోజే గుమస్తా వస్తున్నాడని ఊళ్లో చెప్పి ఉంచాడు.

గణపతిరావు ఆ కొండను ఎక్కడా కూర్చోకుండా ఎక్కాడు. పైన డప్పులు మోగాయి. పొలాలకు పోయినవాళ్లు కూడా పనులు మానుకుని వచ్చి నిలబడ్డారు. చిన్నమ్మి ఆనపబుర్రతో అంబలి తెచ్చి, "వెనకాల నిన్ను శానా మాటలన్నాను బాబూ, మనసులో ఎట్టుకోకు," అంది. ఆయన పెట్టుకోనన్నాడు. రెండు బుర్రలు తాగాడు. ఊపిరి నింపాదిగా, పసిపిల్లాడి ఊపిరిలా ఆడుతోంది.

"మూడేళ్లుగా ఇక్కడికి రావాలనే చూస్తున్నానురా సోంబరూ. బంట్రోతులను పంపితే కల్లు తాగొచ్చి పైన ఊరే లేదనేవారు. డోలీ ఎక్కితే మోసేవాళ్లు మొదటి మలుపులోనే దింపేసి దండం పెట్టారు. ఈ ఊరు చూడకుండానే పోతాననుకున్నాను. నీ మేలు మరిచిపోను."

"అంత మాటెందుకు బాబూ."

గణపతిరావు చుట్టూ చేరిన మగవాళ్లను ఒక్కొక్కరినే తృప్తిగా చూశాడు.

"కొండ మీది తిండీ, కొండ మీది నడకా. ఇలాంటి ఒళ్లు కింద ఒక్కడికీ లేదురా."

కోటు జేబులోంచి రూళ్ల పుస్తకం తీసి మోకాలి మీద పరుచుకున్నాడు.

"ముందు మీ పెద్దాడి పేరు చెప్పు."