తప్పు వాయించమ్మా

"ఇది కూడా కాదమ్మా," అన్నాడు పెద్దాయన.

షాపు అమ్మాయి కీబోర్డు మీంచి చేతులు తీసేసింది. ఆ మొగుడూపెళ్లాలు పదకొండింటికి వచ్చారు. ఇప్పుడు ఒంటిగంట. అరలో ఉన్న తొమ్మిది కీబోర్డుల్లో ఆరు వాయించి చూపడం అయిపోయింది.

ఆయన ఒక్క మీట కూడా ముట్టుకోలేదు. ఎక్కడో గిటార్ల వరస వెనక నిలబడి, కళ్లు మూసుకుని వింటున్నాడు. ఆవిడ స్టూలు మీద కూర్చుని ఆయన మొహంలోకే చూస్తోంది, డాక్టరు రిపోర్టు చదువుతుంటే చూసినట్టు.

"ఇందులో రెండొందల రకాల వాయిద్యాలున్నాయి సార్. డ్రమ్ములు, వయొలిన్లు..."

"అవన్నీ ఎందుకు తల్లీ? పియానో ఒక్కటి సరిగ్గా మోగితే చాలు. ఇది రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టుంది. ఇప్పుడున్నదీ ఇలాంటిదే."

అమ్మాయికి ఒళ్లు మండింది. ఇంట్లో ఆమెకు కీబోర్డు లేదు. షాపులో జనం లేనప్పుడు వాయించుకునేదే ఆమె సంగీతం. "శనివారం లోగా ఒక్కటైనా కదలకపోతే ఆ అర ఖాళీ చేయించి స్పీకర్లు పెట్టిస్తా. నువ్వు వెనక వైర్ల కౌంటరుకు పోదువుగాని," అన్నాడు ఓనరు మొన్న. ఇవాళే శనివారం.

అందుకే నవ్వు మొహం పెట్టింది. "ఎవరికండీ? మీకేనా?"

"మాకా!" ఆవిడ పకపకా నవ్వింది. "మొన్నటిదాకా ఈయనకి ఈలకీ సైకిలు బెల్లుకీ తేడా తెలీదు. పాప వాయిస్తుంది. తొమ్మిదేళ్లు. రెండేళ్లుగా వినీ వినీ ఈయన విద్వాంసుడైపోయారు."

"మధ్యాహ్నం కాస్త కునుకు పట్టగానే మొదలెడుతుంది," అన్నాడాయన.

మనవరాలు కాబోలు, గారాలపట్టి అయ్యుంటుంది అనుకుంది అమ్మాయి. "పాపని కూడా తీసుకురావాల్సింది. ఏది చేతికి హాయిగా ఉందో తనే చెప్పేది."

ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు.

"దానికి తెలీకూడదమ్మా," అన్నాడాయన.

ఏడోది తీసింది. దీనితో ఎలాగైనా పడగొట్టాలని తనకు బాగా వచ్చిన పాట, పరీక్షలో మెప్పు తెచ్చిన పాట, ఎక్కడా తడబడకుండా వాయించింది.

"బాగుంది. కానీ ఇంత బాగా వాయిస్తే నాకేం తెలుస్తుంది? తప్పు వాయించమ్మా."

"ఏంటండీ?"

"టింగ్ టింగ్ టిడిటింగ్..." ఆయన తల ఊపుతూ కూనిరాగం తీశాడు. "ఇంతవరకూ బానే వస్తుంది. మూడో వరసలో వేలు పక్క మీట మీద పడుతుంది. ఆగుతుంది. మళ్లీ మొదటికొస్తుంది. రోజుకి నలభై సార్లు. అదీ, అలా వాయించు."

తప్పు పడకుండా వాయించడానికి ఆమెకు ఐదేళ్లు పట్టింది. ఓనరు కళ్లజోడు మీంచి చూస్తున్నాడు. పళ్లు బిగబట్టి, కావాలని పక్క మీట మీద వేలేసింది.

పెద్దాయన చీమ కుట్టినట్టు ఉలిక్కిపడ్డాడు. "చూశావా! తప్పు పడినా చెవికి మెత్తగా ఉండాలమ్మా. ఇది కొరుకుతోంది."

ఎనిమిదోదీ కొరికింది.

ఇక ఆమెకు ఓపిక అయిపోయింది. వైర్ల కౌంటరైతే వైర్ల కౌంటరు, పీడా పోతుంది. "ఇంత బాధ ఎందుకు సార్? ఉన్నదానికే ఒక హెడ్‌ఫోను తగిలించండి. పాప చెవులకి తప్ప ఎవరికీ వినపడదు."

"ఛఛ! అవేం మాటలు?" అంది ఆవిడ. "హెడ్‌ఫోను ఇస్తే నోర్మూసుకోమన్నట్టు కాదూ? పసిది చిన్నబుచ్చుకోదూ?"

"పైగా," అన్నాడు పెద్దాయన నసుగుతూ, "ఆ మూడో వరస ఎప్పుడు దాటుతుందో నాకూ వినాలని ఉంటుంది కదా."

అమ్మాయి అర ముందు వంగింది. అట్టడుగున దుమ్ము పట్టి ఉన్న తొమ్మిదో దాన్ని ఓనరు చేత ఓ పక్క పట్టించి బల్ల మీదికి ఎక్కించింది. గాడిద బరువు. డ్రమ్ముల్లేవు, మెరిసే దీపాల్లేవు. ఒక్క పియానో మోత తప్ప దానికింకేమీ రాదు. అందుకే ఎవరూ కొనలేదు.

"కాలితో పెడల్ నొక్కితే నేల టక్కుమంటుందా?" అడిగాడు పెద్దాయన.

"అడుగున రబ్బరు ఉంది."

"దాని కింద దుప్పటి మడతేస్తే?"

"పరుపు వేసుకోండి సార్, మీ ఇష్టం."

ఆయనకు వెటకారం వినపడలేదు. నేరుగా స్టోరు గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. "ఇప్పుడు వాయించు!" అని లోపలినుంచి కేక పెట్టాడు.

ఆమె వాయించింది. మూడో వరసలో తప్పింది. ఆగింది. మొదటికొచ్చింది. నాలుగుసార్లు తప్పింది. లోపల చప్పుడు లేదు.

తలుపు తెరుచుకుంది. ఆయన జుట్టు నిండా బూజు, మొహం నిండా నవ్వు.

"ఇదేనే!" అన్నాడు భార్యతో. "తప్పు కూడా ఎంత బాగుందో!"

ఓనరు బిల్లు పుస్తకం తనే పట్టుకొచ్చాడు. "అర అక్కడే ఉండనీలే," అన్నాడు అమ్మాయితో, ఎటో చూస్తూ. ఆమె డెలివరీ కాగితం మీద పెన్ను పెట్టింది.

పెద్దాయన వీధి చెప్పాడు. ఇంటి నంబరు చెప్పాడు.

"కింది వాటానా సార్, పై వాటానా?"

"కింది వాటా మాది," అన్నాడాయన గొంతు బాగా తగ్గించి, "ఇది పై వాటా వాళ్ల పాపకి దింపించు తల్లీ, ఎవరు పంపారని అడిగితే మాత్రం మీ షాపు లక్కీ డ్రాలో తగిలిందని చెప్పించు."