పేరు లేని కుర్చీ

స్టేజీ మీద ఒక కుర్చీ ఎక్కువైంది.

ఆరు కుర్చీలకు ఆరు పేర్ల చీటీలున్నాయి. ఏడో దానికి చీటీ లేదు. వీపు మీద మెరూన్ రంగు శాలువా మాత్రం కప్పి ఉంది. సూపర్‌వైజర్ రవీందర్‌కు ఇలాంటివి కంట్లో నలుసులు.

“అంజమ్మా, ఆ కుర్చీ తీసెయ్. ఎవలదో ఏందో, పేరు గూడ లేదు.”

చెప్పిందే తడవు, అంజమ్మ కుర్చీని ఎత్తి తెర వెనక్కి తెచ్చేసింది. హమ్మయ్య, పీడ పోయింది అనుకుంది.

ఎక్కడ పోయింది! ఐదు నిమిషాల్లో ఎస్ఐ కృష్ణప్రియ వచ్చింది. “ఇక్కడి కుర్చీ ఏదండీ? అసలు సన్మానమే దానికి!” అని గొడవ చేసింది. తీసిన చేతులతోనే అంజమ్మ మళ్లీ తెచ్చి వేసింది.

మాదాపూర్‌లోని ఆ హాల్లో ఆ రోజు పెద్ద సభ. ఫోన్లలో, ఇంటర్నెట్‌లో పిల్లల్ని వేధించే వాళ్ల ఆట కట్టించిన వాళ్లకు సన్మానం. ఒక స్వచ్ఛంద సంస్థ, ఒక టీచరమ్మ, ఇద్దరు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు, ఇంకొందరు. ఏడో కుర్చీ మాత్రం గోపన్‌పల్లి కేసులో మొట్టమొదట పోలీసులకు సమాచారం ఇచ్చిన మనిషిది. పేరు బయటపెట్టబోమని పోలీసులు మాటిచ్చారు.

ఆ మనిషి అంజమ్మే.

హౌస్‌కీపింగ్‌లో పదేళ్లుగా ఆమెది ఒకటే అలవాటు. ఊడుస్తున్నప్పుడు ఏది దొరికినా, అది ఎవరిదైనా సరే, అప్పగించాల్సిన చోట అప్పగించడం. ఉంగరాలు, పర్సులు, ఒకసారి ఎవరిదో పాస్‌పోర్టు. ఆర్నెల్ల కింద, ఊడుస్తుంటే ఒక ఫోన్ దొరికింది. లాక్ వెయ్యలేదు, తెరిచే ఉంది. చూడకూడనివి చూసింది. అందులో ఒక పిల్ల ముఖం తనకు తెలుసు. పక్కింటి పింకీ, నాలుగో తరగతి. అంజమ్మ చీపురు పట్టుకుని అక్కడే కూలబడిపోయింది. అరగంటకు లేచి, ఫోన్ కొంగున చుట్టుకుని పోలీస్ స్టేషన్ మెట్లెక్కింది.

కృష్ణప్రియ ఆమెను స్టోర్ రూంలోకి పిలిచింది. “కావాలనే మీ హాల్లో పెట్టించాను అంజమ్మా. పని చేసుకుంటూనే వినొచ్చు. ఎందుకొచ్చావని నిన్నెవరూ అడగరు.”

“నా పేరు రాదు గదా మేడమ్?”

“ప్రాణం పోయినా రాదు.”

“వానికి తెలిస్తే...”

“లోపలున్నవాడు నిన్నేం చేస్తాడు?”

అంజమ్మ గడియారం వైపు చూసి రవీందర్ దగ్గరికి పరుగెత్తింది.

“సార్, పన్నెండుకల్లా నన్ను వదిలెయ్యాలె. నా కొడుకు కాడికి పోవాలె. మూడు దాటితే రానియ్యరు.”

“శేఖర్ కాడికా? ఏం హాస్టలే అది, తల్లిని గూడ టైం చూసి రానిచ్చేది! బాగున్నడా?”

“అక్కడి తిండి పడ్తలేదు సార్. చిక్కిండు.”

సభ మొదలైంది. ఒక్కొక్కరినీ పిలుస్తున్నారు. శాలువాలు, జ్ఞాపికలు, ఫొటోలు. మంచినీళ్ల గ్లాసుల ట్రే పట్టుకుని అంజమ్మ తలుపు దగ్గర నిలబడలేక నిలబడింది. చివరికి యాంకర్ నీహారిక ఖాళీ కుర్చీ వైపు చెయ్యి చాపింది.

“ఈ వ్యక్తి వల్ల పదకొండు మంది పిల్లలు ఇవాళ హాయిగా బడికి వెళ్తున్నారు. ఆ వ్యక్తి ఇప్పుడు ఈ హాల్లోనే ఉన్నారట! ప్లీజ్, ఒక్కసారి లేచి నిలబడండి!”

ఓసి నీ నోరు పడిపోను! నిన్నెవరు చెప్పమన్నారమ్మా?

మూడు వందల తలలు అటూ ఇటూ తిరిగాయి. అంజమ్మ చేతిలో ట్రే ఒరిగి, ఒక గ్లాసు జారి భళ్లుమంది. అందరూ ఆమెనే చూశారు.

“చూస్కోని పట్టుకోవద్దా!” రవీందర్ పళ్లు కొరికాడు.

అంజమ్మ గబుక్కున కింద కూర్చుని పెంకులు ఏరసాగింది. పనిమనిషిని రెండోసారి ఎవరు చూస్తారు? తలలన్నీ మళ్లీ స్టేజీ వైపు తిరిగాయి. కృష్ణప్రియ మైకు లాక్కుంది.

“ఎవరూ లేవాల్సిన పనిలేదు. ఆ కుర్చీకే చప్పట్లు కొడదాం.”

హాలు హాలంతా లేచి నిలబడి కొట్టింది. అంజమ్మ ఒక్కతే నేల మీద ఉంది. పక్కనే రవీందర్ కళ్లు తుడుచుకున్నాడు.

“ఎవలో గని అంజమ్మా, ఆ మనిషిని కన్నతల్లి కడుపు సల్లగుండ.”

గాజుపెంకు వేలికి గుచ్చుకుంది. అంజమ్మకు ఏడుపొచ్చింది.

పన్నెండు దాటాక కృష్ణప్రియ ఆమెకు శాలువాను మామూలు కవర్లో పెట్టి ఇచ్చింది. వద్దన్నా వినలేదు. జ్ఞాపిక మాత్రం అంజమ్మ తీసుకోలేదు, దాని మీద రాతలున్నాయి. ఉతికిన బట్టలు, బిస్కెట్లు, అరటిపండ్లు ఉన్న సంచిలో శాలువాను అడుక్కు తోసి బస్సెక్కింది. ట్రాఫిక్‌లో బస్సు ఆగినప్పుడల్లా ఆమె లేచి నిలబడి ముందుకు చూసింది. రెండు బస్సులు మారి, మూడుకు పది నిమిషాలుందనగా గేటు చేరింది.

గేటు దగ్గరి మనిషి సంచి మొత్తం కుమ్మరించాడు.

“కొత్త శాలువా ఎవలకు?”

అంజమ్మ అరటిపండ్లు సంచిలో సర్దసాగింది.

“నా కొడుక్కే సార్. చలి పెడ్తున్నది గదా.”

అతను దాన్ని దులిపి చూసి, మళ్లీ సంచిలో పడేశాడు. ఆమె వరుసలో నిలబడి చెమట తుడుచుకుంది. నంబరు పిలిచారు.

ఇనుప జాలీ అవతల నుంచి శేఖర్, ప్రతి వారం లాగే, మొదట అదే అడిగాడు: “అమ్మా, నన్ను పోలీసులకు పట్టిచ్చినోడెవడో ఏమన్న తెలిసిందా?”