వాన పాఠం

"చేతులు కిందికి దించావంటే ఇంకో పది!" అని అరిచాడు సెరాఫెన్ మేష్టారు.

ఎనిమిదేళ్ల మిర్లాంద్ మోకాళ్ల మీద నిలబడి, రెండు చేతుల్తో రెండు రాళ్లు పైకెత్తి పట్టుకుంది. పిక్కల మీద నాలుగు వాతలు తేలాయి. ఒక వాత చిట్లి నెత్తురు కారుతోంది. తరగతిలో నలభై మంది చూస్తున్నారు.

"ఆపండి మేష్టారూ! పిల్ల సరిగ్గానే చెప్పింది కదా!" అంది నదేజ్.

పాఠాలు చెప్పడం నేర్చుకుందామని ట్రైనింగ్ కాలేజీ నుంచి నదేజ్ ఈ కొండూరి బడికి వచ్చి ఇంకా రెండు గంటలు కాలేదు. వాన ఎలా కురుస్తుందని మేష్టారు అడిగాడు. ఎండకి సముద్రం నీళ్లు పైకెళ్లి మబ్బవుతాయనీ, ఆ మబ్బు కొండ దగ్గర చల్లబడి కురుస్తుందనీ మిర్లాంద్ చేతులు తిప్పుతూ ముచ్చటగా చెప్పింది. కాకపోతే ఇంట్లో మాట్లాడే క్రియోల్‌లో చెప్పింది. బళ్లో ఫ్రెంచి తప్ప ఇంకో ముక్క వినపడకూడదు. అదీ పాపం ఆ పిల్ల చేసిన నేరం.

"సరిగ్గా చెప్పిందా? ఏ భాషలో? కోళ్లని అదిలించే భాషలో!" మేష్టారు ఎద్దుతోలు కొరడా తెచ్చి నదేజ్ చేతిలో కుక్కాడు. "నాలుగు నేను వేశాను. మిగతా ఆరూ నువ్వెయ్యి. పని నేర్చుకోవడానికేగా వచ్చావు!"

"నేను పిల్లల మీద చెయ్యెత్తను. అయినా కొట్టకూడదని చట్టం ఉంది."

"చట్టం రాజధానిలో ఉంటుంది మామ్జెల్ నదేజ్, కొండెక్కి రాదు. ఆరు వారాలయ్యాక నీ కాయితం మీద సంతకం పెట్టాల్సింది నేను. అది లేకపోతే నీ పంతులమ్మ ఉద్యోగం కల్ల. ఆలోచించుకో!"

నదేజ్ చేతిలోని కొరడా వైపు చూసింది. ఆ సంతకం కోసమే మూడేళ్లు చదివింది. కానీ మిర్లాంద్ చేతులు గడగడా వణుకుతున్నాయి. ఒక రాయి జారి కిందపడింది.

"నా వల్ల కాదు. సంతకం పెడితే పెట్టండి, లేకపోతే మానండి," అంది.

"పనికిమాలినదానా!" మేష్టారు కొరడా లాక్కుని పిల్ల వీపు మీద ఛెళ్లుమనిపించాడు. మిర్లాంద్ బోర్లా పడింది. రెండో దెబ్బకి నదేజ్ అడ్డం వెళ్లింది. ఆ దెబ్బ ఆమె చెవి దగ్గర మొదలై గడ్డం దాకా చర్మాన్ని చీల్చేసింది.

ఇక నదేజ్‌కి ఒళ్లు తెలియలేదు. అతని మణికట్టు పట్టుకుని కసుక్కున కొరికింది. వదిలేసిన కొరడా అందుకుంది. భుజం మీద ఒకటి! తొడ మీద ఒకటి! మేష్టారు కుర్చీ ఎత్తి విసిరితే తప్పుకుని వీపు మీద మూడోది వేసింది. నాలుగో దెబ్బకి అతను వెళ్లి నల్లబల్లకి కొట్టుకున్నాడు. బల్ల ఊడి నెత్తిన పడింది. పెదవి పగిలి చొక్కా అంతా నెత్తురు.

"ఓలమ్మో! సచ్చిపోనాన్రో! ఒగ్గీయే తల్లీ, నీ కాళ్లు ఒట్టుకుంతాను!"

అచ్చమైన క్రియోల్! ఇరవై ఏళ్లుగా ఆ గోడల మధ్య ఫ్రెంచి తప్ప మాట్లాడని మనిషి నోట్లోంచి! పిల్లలు నోళ్లు వెళ్లబెట్టారు. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ కేకలు గేటు దాకా వెళ్లాయి.

గేటు దగ్గర తినుబండారాలు అమ్మే ఆడవాళ్లు కర్రలూ గరిటెలూ పట్టుకుని పొలోమని వచ్చారు. అందరికంటే ముందు మిర్లాంద్ అమ్మమ్మ దియేలా. అరటికాయలు వేయించే గరిటె చేతిలోనే ఉంది, నూనె ఇంకా కారుతోంది.

"చూడండమ్మా, నన్నేం చేసిందో!" అని మేష్టారు వాళ్ల కాళ్ల దగ్గరికి పాకాడు.

నదేజ్ గోడకి ఆనుకుంది. ఉద్యోగం మాట దేవుడెరుగు, ఇక్కణ్ణించి ప్రాణాలతో కిందికి దిగితే చాలనుకుంది.

దియేలా మనవరాలి పిక్కలు చూసింది. నదేజ్ చెంప చూసింది. మేష్టారి వైపు తిరిగి గరిటెతో నెత్తి మీద ఒక్కటిచ్చింది. "ఇరవై ఏళ్లు మేసింది చాలు, ఫో!" మిగతా ఆడవాళ్లు అతన్ని కాళ్లు పట్టి ఈడ్చుకుంటూ గేటు అవతల పారేశారు.

నదేజ్ నేల మీద కూలబడి, మిర్లాంద్‌ని పొదువుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. "ఇంక నిన్నెవరూ కొట్టరమ్మా," అంది.

దియేలా పక్కన కూర్చుని తన తలగుడ్డతో నదేజ్ చెంప మీద నెత్తురు తుడిచింది. "ఏడవకు తల్లీ. ఇక మాకు నువ్వే పంతులమ్మవి. కాయితాలూ సంతకాలూ మేం చూసుకుంటాం. ఈ బడిని కట్టుకుంది మేమే."

"అమ్మమ్మా..." నదేజ్ ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఆ సచ్చినోడు ఇన్నేళ్లు బాదీ మా పిల్లల నోట ఒక్క ఫ్రెంచి ముక్క పలికించలేకపోయాడు. అది రాకపోతే దీనికీ నాలాగే నూనె మూకుడే గతి."

దియేలా మనవరాలిని నదేజ్ ఒళ్లోంచి లాగి మళ్లీ మోకాళ్ల మీద నిలబెట్టింది. కిందపడ్డ కొరడా తీసి, దుమ్ము దులిపి, నదేజ్ చేతిలో పెట్టింది.

"నాలుగే నాలుగు దెబ్బల్లో ఆయన ఫ్రెంచి వదలగొట్టేశావు. దీని క్రియోల్ కూడా అలాగే వదలగొట్టు తల్లీ!"