చింతగింజల ఎముక

కార్తిక పేరు వింటేనే ఆర్తికి ఒళ్లు మండిపోయేది.

తమిళనాడులోని కోవిల్‌పట్టి కాలేజీ ల్యాబులో ఇద్దరిదీ ఒకే పని. చింతగింజల జిగురులో కాల్షియం, ఫాస్ఫేటు కలిపి, దెబ్బతిన్న దవడలో అతికించే ఎముక ముక్క తయారుచేయాలి. జిగురు కుదిరితే ఖనిజం రేణువులు అది చూపిన దారినే వరసగా పేరుకుంటాయి. కుదరకపోతే ఇసుక పోసినట్టు కుప్ప. ఆర్తికి ఎప్పుడూ కుప్పలే. నిన్నగాక మొన్న చేరిన కార్తికకు మాత్రం వరసలే వరసలు!

ఈ సాయంత్రం గైడు అప్పాసామి సార్ ఒక్క ముక్కే విరుదునగర్ ఆసుపత్రికి పట్టుకెళతారు. అది ఎవరిదైతే వాళ్లకే ప్రాజెక్టు. రెండోవాళ్లు ఇంటికి. ఆ బెంగతో ఆర్తి ఈసారి తన ముక్కను మైక్రోస్కోపులో చూసుకోనైనా లేదు.

మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్లాక, ముక్కలు గట్టిపడుతున్న వేడినీళ్ల తొట్టి తెరిచింది. లోపల రెండు గాజు గిన్నెలు. రెండింటిలోనూ ఒకేలాంటి తెల్లటి బిళ్ల. మూతల మీద పెన్నుతో రాసిన పేర్లు ఆవిరికి చెరిగిపోయాయి. ఏది ఎవరిదో తెలియలేదు.

ఒక మూత అంచున మాత్రం కాటుక చుక్క ఉంది.

ఆర్తికి నవ్వొచ్చింది. దిష్టి పిచ్చి కార్తికకు కాక ఇంకెవరికి? కొత్త స్కూటీకి చుక్క, కొత్త చెప్పులకూ చుక్క. లోకమంతా ఈ మహాతల్లినే చూసి ఏడుస్తోందట! ఆ గిన్నెలో కాస్త ఆసిడ్ వంపి, మూత పెట్టేసి, చేతులు కడుక్కుని హాయిగా పెరుగన్నం తింది.

మూడింటికి సార్ వచ్చి గిన్నెలు తెరిచారు. కాటుక చుక్క ఉన్నదాంట్లో బిళ్ల కరిగి పాలనీళ్లయింది. రెండోదాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి చూసి, ఏదో ఓ మాదిరిగా ఉంది, ఇదే పట్టుకెళతానని తమిళంలో గొణిగారు.

కార్తిక వెక్కి వెక్కి ఏడ్చింది. ఆర్తి కడుపు చల్లబడింది. దగ్గరకెళ్లి, ఇంట్లో మాట్లాడే తెలుగులో ఓదార్చింది.

“ఏడవొద్దు పాపా. నీది పోతే ఏమి, ఇంకోతూరి సేసుకుందువులే.”

“నాది బాగానే ఉండాదక్కా, పొద్దున మైక్రోస్కోపులో నీది అంత సక్కగా ఉండేది సూసి నాకే కడుపు మండె, నా కన్ను తగులుతాదని బయపడి నీ మూతకి నేనే సుక్క పెట్టితిని, అయినా తగిలిపోయె కదక్కా!”