ఏడో తరగతి అమ్మాయి తండ్రి

"చదవండి. పైకి చదవండి" అంటూ ప్రిన్సిపాల్ పేపరును బల్లమీదకు విసిరాడు.

పీఆర్వో కళ్ళజోడు సర్దుకుంది. స్కూలుకు వచ్చేవాళ్ళకు నవ్వుతూ ఎదురెళ్ళడం, స్కూలు గురించి నాలుగు మంచిమాటలు పేపర్లో పడేలా చూడటం ఆమె ఉద్యోగం. చెడ్డమాట పడితే మొదటి చీవాట్లు కూడా ఆమెకే.

"'అయ్యా, నేను ఒక ఏడో తరగతి అమ్మాయి తండ్రిని. మా పిల్ల చదివే స్కూల్లో ఆడపిల్లల బాత్రూము తలుపులకు గడియల్లేవు. ఒకరు లోపలికి వెళితే ఇద్దరు బయట తలుపు పట్టుకుని నిలబడాలి. ఆ బాధ పడలేక మా పిల్ల సాయంత్రం దాకా మంచినీళ్ళు ముట్టదు...'"

"చాలు, చాలు! స్కూలు పేరుతో సహా వేశారు. పరువు బజారున పడింది."

పేపరువాళ్ళు ఉత్తరాన్ని ఫొటో తీసి మరీ అచ్చువేశారు. ఒక అక్షరం తూర్పుకి పోతే ఇంకోటి పడమరకి పోతోంది. కింద సంతకం లేదు.

ఆ తలుపుల సంగతి పీఆర్వోకు కొత్తేమీ కాదు. ఆ మూల మాత్రం పడకుండా స్కూలు ఫొటోలు తీయడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. వచ్చిన కొత్తలో బాగుచేయిద్దామని అడిగింది కూడా. "ఫొటోలో కనపడనిదాన్ని బాగుచేయడం దేనికమ్మా?" అన్నాడు ప్రిన్సిపాల్.

ఇప్పుడాయన ముక్కుపుటాలు అదురుతున్నాయి.

"వీడెవడో నాకు తెలియాలి. ఏడో తరగతి అప్లికేషన్లన్నీ తెప్పించాను. చేతిరాత కలిపి చూడండి. మధ్యాహ్నంలోగా పట్టుకుంటే సరేసరి. లేదంటే రేపటినుంచి మీరు రానక్కర్లేదు."

పీఆర్వో ఒక్కొక్క కాగితమే తిరగేస్తూ కూర్చుంది. ఆమె నెమ్మది చూసి ఆయనకు ఒళ్ళు మండిపోయింది. సగం కట్ట తన ముందుకు లాక్కున్నాడు. కాసేపటికి కుర్చీలోంచి ఎగిరి లేచాడు.

"దొరికాడు! చూడండి, అచ్చం ఇవే కోడిగీతలు. ఎవరో టైలరట. ఆ పిల్లకి టీసీ రాయించండి. ఇవాళే చేతిలో పెట్టి పంపించేద్దాం."

ఆ పిల్ల పీఆర్వోకు బాగా తెలుసు. మొన్న అచ్చువేసిన స్కూలు ప్రచార పుస్తకం అట్టమీద పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్నది ఆ పిల్లే.

"ఈయన కాదు సార్."

"మీకెలా తెలుసు?"

పీఆర్వో కొంగుతో నుదురు తుడుచుకుంది.

"అదికాదు సార్. ఒకవేళ ఈయన కాకపోతే? అసలువాడు ఇంకో ఉత్తరం రాస్తాడు. తలుపుల గొడవతో బాటు టీసీ గొడవ కూడా పేపర్లో పడుతుంది. పేపరాఫీసులో నాకు తెలిసినావిడ ఉంది. పది నిమిషాలు టైమివ్వండి."

ఫోను చెవికి ఆనించుకుని వరండాలోకి వెళ్ళింది. ప్రిన్సిపాల్ కిటికీ అద్దంలోంచి చూస్తూనే ఉన్నాడు. అటూ ఇటూ నడిచింది. చెయ్యి తిప్పింది. తల ఊపింది. ఒకసారి నెత్తి కూడా కొట్టుకుంది. లోపలికి వచ్చేసరికి ఒళ్ళంతా చెమట.

"దొరికాడు సార్. ఆవిడే ఫోను కలిపి మాట్లాడించింది. టైలరు కాదు. అయితే ఉత్త మొండిఘటం. తలుపులకు గడియలు పెట్టాలట, లోపల నీళ్ళు రావాలట. మూడు రోజులు గడువిచ్చాడు. చేస్తే మిమ్మల్ని పొగుడుతూ మళ్ళీ రాస్తాడట."

"చేయకపోతే?"

"చేయకపోతే కూడా మళ్ళీ రాస్తాడట."

ప్రిన్సిపాల్ కుర్చీలో కూలబడ్డాడు. "ఇంతకీ పేరేమిటి?"

"చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు సార్. తన పిల్లని ఏమైనా చేస్తారని భయం."

"ఆడపిల్ల తండ్రులంతా ఇంతేనమ్మా. మీకింకా పెళ్ళీ కాలేదు, పిల్లలూ లేరు గనక తెలీదు" అని నిట్టూర్చి, టైలరు అప్లికేషన్ను కట్టలో దోపేశాడు. "వడ్రంగిని పిలవండి."

పీఆర్వో వెంటనే ఫోను తీసింది.

మూడు రోజులు స్కూలంతా సుత్తి దెబ్బలతో మోగిపోయింది. నాలుగోనాడు ప్రిన్సిపాల్ కొత్త గడియమీద చెయ్యి వేసి ఫొటో దిగాడు. స్కూలు పెట్టాక ఆ మూల ఫొటోలో పడటం అదే మొదటిసారి.

సోమవారం పేపర్లో రెండో ఉత్తరం వచ్చింది. అవే వంకరటింకర అక్షరాలు. "మా పిల్ల ఇప్పుడు సీసాడు నీళ్ళు తాగుతోంది. అడగ్గానే స్పందించిన ప్రిన్సిపాల్ గారికి శతకోటి నమస్కారాలు."

ఆయన దాన్ని స్టాఫ్ మీటింగులో రెండుసార్లు పైకి చదివాడు. టీచర్లంతా చప్పట్లు కొట్టారు.

"పబ్లిక్ రిలేషన్స్ అంటే ఇదీ! అమ్మా, ఆ పెద్దమనిషిని మాత్రం వదులుకోకండి. మళ్ళీ ఎప్పుడైనా అడ్డం తిరిగితే..."

"నా మాట జవదాటడు సార్" అంది పీఆర్వో వినయంగా.

లేచి వస్తుంటే దారిలో లైబ్రరీ కనిపించింది. తలుపుకి తాళం. తాళానికి తుప్పు. తుప్పుమీద సాలెగూడు. పీఆర్వో ఒక్క నిమిషం ఆగి దానివంక చూసింది.

తన గదిలోకి వెళ్ళి, తలుపు గడియ పెట్టుకుని, పెన్ను ఎడమచేతిలోకి మార్చుకుని, ఈసారి పెద్దవాళ్ళ చెయ్యి కదా అని అక్షరాలను కాస్త వణికిస్తూ, "అయ్యా, నేను ఒక అయిదో తరగతి అబ్బాయి తాతయ్యని" అని మొదలుపెట్టింది.