శనివారం తిరిగే ఎద్దు

"నా ఎద్దుకి ప్రసాదంలో మందెట్టినోడు ఈ దాసే!" అని బండి తోలే సన్యాసి మాంటాన్ బ్లాంష్ ఊరంతా వినేలా అరిచాడు.

దాసు చేతిలో భజన తాళాలు అలాగే ఉండిపోయాయి. చెరకు పనులకని ఓడెక్కి ఈ దీవికి వచ్చిన తెలుగువాళ్ళకు ఊళ్ళో రామభజన నడిపించేది అతనే. ప్రతి శనివారం వాకిట్లో దీపం వెలిగించి, తాళం వేసి, నలుగురి చేత గోవిందా అనిపిస్తాడు. కోపం వస్తే గొంతు పాడవుతుందని కోపాన్ని కూడా మానుకున్న మనిషి. అలాంటివాడి మీద పశువుకు విషం పెట్టాడన్న నింద పడింది.

నింద ఊరికే పడలేదు. చెరకు కోతలకు ముందు పక్కింటి సన్యాసి కొత్త ఎద్దును తెచ్చుకున్నాడు. తెల్లగా, సాధువుగా ఉండేది. దాని కొమ్ముల మొనలు కోయించి, నల్లరంగు పూయించి ముస్తాబు చేశాడు. ఎత్తుదారి కదా, ఎద్దు అలిసిపోతుందని సెయింట్ పియర్ ఊరి వైపు బండి తోలడం కూడా మానేశాడు. పశువు మీద ఇంత ప్రేమ ఉన్నవాణ్ణి చూడలేదని దాసు మెచ్చుకునేవాడు.

ఆ ఎద్దు వారమంతా బుద్ధిగా బండి లాగేది. శనివారం దాసు ఇంట తాళాలు మోగాయంటే చాలు, దొడ్లో గుంజ చుట్టూ తిరగడం మొదలుపెట్టేది. భజన అయ్యాక కంచె మీంచి మెడ చాపేది. దాసు మురిసిపోయి ప్రసాదంలోని అరటిపండు దాని నోటికి అందించేవాడు. పండు పెట్టడం ఊరంతా చూసింది. అదే అతని కొంప ముంచింది.

పూర్వం సుర్రా రోగం వచ్చి పశువులన్నీ చచ్చిపోతే మనుషులే బళ్ళు లాగిన సంగతి పెద్దవాళ్ళు ఇంకా మరిచిపోలేదు. తిరిగే ఎద్దును చూసి మెదడుకు రోగం తగిలిందని హడలిపోయారు. రోగమే అయితే సర్కారువాళ్ళు ఎద్దును కాల్చి, సున్నం వేసి పూడ్చేస్తారు. సన్యాసి మాత్రం ఒప్పుకోలేదు.

"రోగమేటి దానికి? మా మావ ఇంట పుట్టింది. దూడప్పట్నుంచీ నా కళ్ళెదుటే పెరిగింది. డాక్టర్నే పిలుత్తాను. రోగం లేదని తేలిందా, ఈ దాసుని మోకా కోర్టుకి ఈడుత్తాను!"

అన్నంత పనీ చేశాడు. మరుసటి శనివారం మధ్యాహ్నం పశువుల డాక్టరు గుర్రబ్బండిలో దిగాడు. ఆయన వెంట సామాను పెట్టె మోసుకుంటూ గోపాలు వచ్చాడు. గోపాలుది సెయింట్ పియర్. డాక్టరు తన క్రియోల్ భాషలో గొణిగేదంతా ఊరివాళ్ళకు తెలుగులో విడమరిచి చెప్పడం కూడా అతని ఉద్యోగమే.

"నడుం కాడ ఎన్నుపూసలోకి సూది దించి నీళ్ళు తీత్తాడు మిసే," అన్నాడు గోపాలు, డాక్టరు దొరను చూపిస్తూ. "మెదడు సుట్టూ ఉండే నీళ్ళే అయ్యి. మెదడు సెడితే నీళ్ళూ సెడతాయి. తేటగా వచ్చాయా, రోగం లేనట్టే."

దాసు లెక్క కట్టుకున్నాడు. నీళ్ళు కలకగా వస్తే ఎద్దు చస్తుంది, తను బతుకుతాడు. తేటగా వస్తే ఎద్దు బతుకుతుంది, తను జైలుకు పోతాడు. "స్వామీ, కలకగా రానీ" అని లోపల్లోపల మొక్కేసుకున్నాడు. అంతలో ఎద్దు అతనికేసి చూసి, అరటిపండు కోసం నాలుక చాచింది. దాసుకు సిగ్గుతో ప్రాణం చచ్చినంత పనైంది.

డాక్టరు దొడ్డి నడుమ పీట మీద చిన్న స్పిరిట్ దీపం పెట్టి, ఆ మంటలో సూది కాల్చాడు. నలుగురు పట్టుకుంటే ఎద్దు నడుములో దించాడు. గాజు గొట్టంలో చుక్క చుక్కగా నీళ్ళు పడ్డాయి. ఎండకు ఎత్తి చూశాడు. ఏదో మందు కలిపి మళ్ళీ చూశాడు. నీళ్ళు విరగలేదు, రంగు మారలేదు. కొబ్బరినీళ్ళకన్నా తేటగా ఉన్నాయి.

"మెదడు బాగుందంటున్నాడు మిసే. రోగం లేదు," అన్నాడు గోపాలు.

సన్యాసి మీసం దువ్వాడు. "ఇన్నారా? రోగం లేదంటే మందెట్టినట్టే గదా! ఇంకేటి సాక్షం కావాలి?"

దాసు కళ్ళ ముందు మోకా కోర్టు, జైలు గోడ, తను లేని వాకిట్లో వెలగని దీపం వరసగా కనిపించాయి. ఏడుపు ఆపుకోవడం అతని వల్ల కాలేదు.

డాక్టరు మాత్రం గొట్టం పెట్టెలో పెట్టుకుంటూ, ఎద్దు తిరిగేది ఎప్పుడని అడిగాడు. దాసు ఇంట తాళాలు మోగినప్పుడని అందరూ ఒక్క గొంతుతో చెప్పారు. అయితే మోగించమన్నాడు. ఎద్దును కాసేపు నిలవనిచ్చి, పలుపు విప్పించాడు.

దాసు తాళం వేశాడు. అలవాటుకొద్దీ గోవిందా అన్నాడు.

ఎద్దు చెవులు నిక్కించింది. నిదానంగా నడిచి పీట మీద ఇంకా వెలుగుతున్న స్పిరిట్ దీపం దగ్గరకు వెళ్ళింది. దీపానికి కుడివైపుగా ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టు తిరిగింది. మూడో చుట్టు కాగానే దీపం ఎదుట ముందుకాళ్ళు మడిచి, తల వంచి, ప్రసాదం కోసం నోరు తెరిచింది.

గోపాలు చేతిలోని పెట్టె కింద పెట్టేశాడు. టోపీ తీసి ఎద్దుకు దండం పెట్టాడు. కోసిన కొమ్ములు తడిమి చూసి సన్యాసి వైపు తిరిగాడు.

"మీ మావ ఇంట పుట్టిందంటివి గదా సన్యాసన్నా," అన్నాడు మెల్లగా. "మరి మా సెయింట్ పియర్‌లో అప్పన్నసామికి మొక్కి, ప్రతి శనారం దీపం సుట్టూ తిప్పి పెంచుకున్న కోడె, ఉగాది నాడు మాయమైపోయిన కోడె, నీ దొడ్లోకి ఎలాగొచ్చింది?"