నీలం స్ట్రిప్పు

రొయ్యల షెడ్డులో పనికి దిగేముందు బాలింతలంతా తమ పాలు ఒక చుక్క పరీక్ష స్ట్రిప్పు మీద వేసి చూసుకుంటారు. బిడ్డకు జబ్బు మొదలైతే, జ్వరం కనబడకముందే తల్లిపాలు దానితో తలపడడానికి మారిపోతాయి. అప్పుడు స్ట్రిప్పు నీలమవుతుంది. ఆరోజు నూకరత్నం స్ట్రిప్పు నీలమైంది.

ఆమె తిన్నగా సూపర్‌వైజర్ వీర్రాజు దగ్గరికి వెళ్లింది. "సెలవిప్పించండి. బాబుని ఆసుపత్రిలో చూపించాలండి."

వీర్రాజు తన బల్ల మీది కెమెరా తెరలో, పనివాళ్ల పిల్లల్ని ఉంచే ఉయ్యాలల గది చూపించాడు. "మీవాడు నవ్వుతా ఆడుకుంటున్నాడు కదమ్మా! ఒళ్లు కాలితే అప్పుడు చూద్దాం. సాయంత్రానికి లోడు వెళ్లాలి."

నూకరత్నం చేతి తొడుగులు విప్పి అతని బల్ల మీద పెట్టింది.

"మీరివ్వకపోయినా వెళ్తానండి. పక్క ఉయ్యాల్లో ఉంది మీ పాపే కదా? మావాడి జబ్బు తనకీ అంటుకోదా?"

వీర్రాజు మళ్లీ తెర వైపు చూశాడు. పాప బొటనవేలు చీకుతోంది.

"మీ ఆవిడకి పాలు పడలేదు. పాపకి డబ్బాపాలే. ముందుగా చెప్పే స్ట్రిప్పు మీకు లేదండి. అందుకే నా పాలు చెప్పింది మీకూ చెబుతున్నాను. పాపని తీసుకుని మీరొస్తారా, నన్నే ఎత్తుకెళ్లమంటారా? నాకు రెండో చంక ఖాళీయేనండి."